జపనీస్ ఎన్4 పరీక్ష పాసై జపాన్ వచ్చిన గాని అవ్వతాతల మాటలు అస్సలు పట్టుకోలేకపోతున్న, కైగోల, అంటే వృద్ధుల సేవ పనిల ఉన్నోళ్లు జర చెప్పున్రి

పాలమూరు_పోరి | మే 11, రాత్రి 11:40

అందరికీ నమస్తే. ఇన్ని రోజులు ఇక్కడ చదువుడే గాని రాసుడు ఇదే ఫస్ట్. నాది మహబూబ్‌నగర్ దిక్కు, జీఎన్ఎం నర్సింగ్ చేసి ఒక హాస్పిటల్ల డ్యూటీ చేసిన, తర్వాత హైదరాబాద్ల హాస్టల్ల ఉండి జపనీస్ నేర్చుకున్న. జపనీస్ పరీక్షల ఎన్5 అన్నిటికన్న కింద, ఎన్1 అన్నిటికన్న మీద, అండ్ల ఎన్4 అయింది, కైగో స్కిల్ టెస్టు, కైగో నిహోంగో (జపనీస్) టెస్టు రెండు గూడ అయినయ్, తొకుతెయ్ గినో, అంటే పని నైపుణ్యం టెస్టు పాసైనోళ్లకు ఇచ్చే వీసా మీద వచ్చి ఇప్పుడు నగోయా దగ్గర ఒక వృద్ధుల హోంల చేస్తున్న.

క్లాసుల సెన్సెయ్ మాట్లాడితే మొత్తం అర్థమైతుండె. ఇక్కడ పొద్దున మోషిఒకురి ఉంటది కదా, నైటోళ్లు డేవోళ్లకు అప్పజెప్పే మీటింగ్, అండ్ల నర్సమ్మ కాయితం చూస్కుంట చదువుకుంట పోతది, నాకు పేర్లు, జ్వరం నంబర్లు తప్ప ఏం చిక్కదు. ఆ తర్వాత అవ్వల దగ్గరికి పోతే ఇంకో లోకం. ఒకామె లేపేటప్పుడల్లా "ఎరాయ్ ఎరాయ్" అంటది. క్లాసుల ఎరాయ్ అంటే గొప్ప, శభాష్ అని చెప్పిన్రు, మరి ఈమె మొహం చూస్తే శభాష్ అన్నట్టు లేదు. ఇంకో తాత నేను రూంల నుంచి బయటికి వస్తుంటే "కగి కౌ" అంటడు. కగి అంటే తాళం, కౌ అంటే కొనుడు, ఈ రాత్రిపూట తాళం యాడ కొనాలె తాతా.

నా డౌటు ఏందంటే జులైల ఎన్3కి కూసోవాల్నా, లేకపోతే అది పక్కకు పెట్టి మాట్లాడుడు మీదనే పడాల్నా? రెండూ చేసే ఓపిక లేదు, నైట్ డ్యూటీ సాయంత్రం నాలుగున్నరకు ఎక్కితే తెల్లారి తొమ్మిదిన్నరకు దిగుడు.

తోజాయ్_లైన్ | మే 12, ఉదయం 7:52

స్వాగతం అమ్మాయ్. నేను వైటూకే టైంలో వచ్చిన బ్యాచ్, అప్పట్నుంచీ టోక్యో నిషికసాయ్‌లోనే. నా సలహా అయితే ఎన్3 దగ్గర ఆగొద్దు, నేరుగా ఎన్2 టార్గెట్ పెట్టుకో. ఏ ఉద్యోగం ప్రకటన చూసినా ఎన్2 అనే అడుగుతారు, హైలీ స్కిల్డ్ వీసా పాయింట్లలో కూడా ఎన్2కి 10, ఎన్1కి 15 ఇస్తారు, మొత్తం 70 వస్తే మూడేళ్లకి, 80 వస్తే ఏడాదికే పర్మనెంట్ రెసిడెన్సీకి అప్లై చేసుకోవచ్చు. మా ఆఫీసులో ఇంగ్లీషుతో నడిచిపోతుంది కానీ కుయకుషోకి, అంటే వార్డు ఆఫీసుకి వెళ్లినా, ఇల్లు అద్దెకి వెతికినా మాట దగ్గరే బండి ఆగిపోతుంది, బ్రోకర్ ఫోన్లో ఓనర్‌ని అడిగే మొదటి ప్రశ్న "జపనీస్ వచ్చా" అనే.

నైట్_షిఫ్ట్_అక్క | మే 12, ఉదయం 10:15

లైన్ గారూ, ఆ పాయింట్ల లెక్క ఐటీ లాంటి ఉద్యోగాల వాళ్లకండీ, తొకుతెయ్ గినోలో ఉన్న పిల్లకి అది పనికిరాదు. చెల్లీ, డ్యూటీ దిగి ట్రైన్లో ఉన్నా, నిద్ర లేచాక పెద్దగా రాస్తా. అప్పటిదాకా ఎవరూ తనని భయపెట్టకండి.

చిన్నోడి_అమ్మ | మే 12, మధ్యాహ్నం 1:20

హాయ్, నేనూ నగోయానే. నీ తప్పేం లేదు, అది ఈ ఊరి యాస. మన నగోయా ఉన్న ఐచి, పక్కన గిఫు వైపు ఎరాయ్ అంటే ఒళ్లు అలిసిపోయింది, ఆయాసంగా ఉంది, కష్టంగా ఉంది అని. ఆ మామ్మగారు పాపం లేవలేకపోతున్నానే అని చెప్తోంది. తాతగారి కగి కౌ అంటే తాళం వెయ్యి అని, ఇక్కడ తాళం వెయ్యడాన్ని కౌ అంటారు. మా చిన్నోడి స్కూల్లో కూడా హోక హోక అంటుంటే బడి వదిలాక అనుకునేదాన్ని, ఐచి స్కూళ్లలో మాత్రం పీరియడ్‌కీ పీరియడ్‌కీ మధ్య ఇచ్చే గ్యాప్‌ని అలా అంటారు. ఇవి ఏ పుస్తకంలోనూ రావు, ఎన్1 ఉన్న వాళ్లకి కూడా తెలియవు.

ఇంకోటి, జులై పరీక్ష సంగతి మర్చిపో. జపాన్‌లో జులైకి అప్లికేషన్లు మార్చి, ఏప్రిల్‌లోనే అయిపోతాయి. ఇక డిసెంబరే.

వ్యాకరణం_రాజు | మే 12, సాయంత్రం 6:05

అసలు తెలుగువాడికి జపనీస్ కష్టం అంటే నేను ఒప్పుకోను. క్రియ చివర్న, విభక్తి పదం తర్వాత, వాక్యం మొత్తం మనదే. "తిని చూస్తా" అంటే "తబెతె మిమాస్", అచ్చంగా తిని, చూస్తా. "వెళ్తా అని అన్నాడు" అంటే "ఇకు తొ ఇత్త", మన "అని" బదులు "తొ". తలుపు తెరుచుకోవడం, తెరవడం మనకి రెండు ఉన్నట్టే వాళ్లకి అకు, అకెరు. పైగా హ్రస్వం, దీర్ఘం, ద్విత్వం మనకి ఉగ్గుపాలతో వచ్చినవి. ఇంగ్లీషు వాడు ఒబసాన్‌కీ ఒబాసాన్‌కీ తేడా వినలేక చస్తాడు, మనకి అదొక లెక్కా, పిన్నీ వేరు మామ్మా వేరు. హ్రస్వ ఎ, ఒ కూడా ఉన్నాయి కాబట్టి తెలుగు లిపిలో జపనీస్ రాసుకుంటే హిందీ వాళ్ల కన్నా నిక్కచ్చిగా వస్తుంది. తెలుగులో ఆలోచించి మాట మార్చి పెట్టెయ్యి, అంతే.

సీమ_సీఎన్సీ | మే 12, రాత్రి 9:30

రాజన్నా నువ్వు ఎప్పుడూ ఇదే పాట పాడతావు. వాక్యం మనదే గానీ ఆ వాక్యంలో పదం తెలియకపోతే ఏం జేస్తావప్పా.

నేను హమమత్సులో మెషినింగ్‌లో ఉండా. మాకు క్లాసులో మొదటి దినం నుంచి "తొమెతె కుదసాయ్", దయచేసి ఆపండి, అని మర్యాదగా నేర్పినారు. షాపులో ఎవుడూ అట్లా అనడు. చెయ్యి మెషిన్ కాడికి పోతాంటే వెనక నుంచి "సవరు న!" అని ఒక కేక, ముట్టుకోవద్దు అని. "తొమెరొ!" అంటే ఆపు. ఈ ఆజ్ఞార్థకాలు పుస్తకంలో యాడో చివర్న ఒక పాఠంలో వస్తాయి, మా బ్యాచ్‌లో సగం మంది అది చదవకుండానే ఫ్లోర్ మీదికి దిగినారు. నన్నడిగితే ఫ్యాక్టరీకి వచ్చేవాళ్లకి ఫస్ట్ వారమే అది నేర్పాల. ప్రాణం కాపాడే మాట మర్యాదగా ఉండదు.

పొద్దున చోరెయ్, అంటే డ్యూటీ ముందర మీటింగు, అందులో ఈ రోజు యాడ ప్రమాదం ఉండొచ్చో తలా ఒకటి చెప్పాల. నేను ముందు రోజు రాత్రే ఒక వాక్యం రాసుకోని పోతా. "నేల మీద ఆయిల్ ఉండాది, జారే ప్రమాదం, తుడిచినాక పని మొదలుపెడతా." రోజుకి అదొక్కటే. మా హంచో, లైన్ లీడరు, తప్పుంటే అక్కడే సరిజేస్తాడు. ట్యూషన్ ఫీజు లేని ట్యూషను.

నైట్_షిఫ్ట్_అక్క | మే 13, మధ్యాహ్నం 2:45

లేచాను, టీ కూడా అయింది. కాస్త పొడుగవుతుంది, ఓపిక ఉంటేనే చదవండి.

నేను ఒసాకాలో. స్టూడెంట్‌గా వచ్చి కైగో కాలేజీలో రెండేళ్లు చదివి అటునుంచి ఉద్యోగంలోకి వచ్చా కాబట్టి చెల్లి దారి, నా దారి ఒకటి కాదు, కానీ పని మాత్రం అదే.

ముందు మోషిఒకురి సంగతి. అది ఫాస్ట్‌గా ఉంటుంది కానీ కొత్తగా ఉండదు. తిప్పితిప్పి అవే వందో నూటయాభయ్యో మాటలు. ఎంత తిన్నారు అనేది షుషొకు జూ, ఫుకుషొకు హచి అని చెప్తారు, అన్నం పదికి పది, కూరలు పదికి ఎనిమిది అని. చర్మం ఎర్రబడితే హొస్సెకి. పడక పుండు అయితే జొకుసో. పొలమారితే గొఎన్, అది జరగకుండా టీలో కలిపే చిక్కదనం పొడి తొరొమి. ఇవి ఎన్3లో రావు, కొన్ని ఎన్1లో కూడా రావు, కానీ నీకు ఇవి రేపు పొద్దున కావాలి. నువ్వు నర్సింగ్ చేసిన పిల్లవి, విషయం నీకు ముందే తెలుసు, దానికి జపనీస్ చప్పుడు అతికించుకోవడమే. మోషిఒకురి అయ్యాక ఆ కాయితం పట్టుకుని ఎవరో ఒక సెంపాయ్‌ని, అంటే సీనియర్‌ని, ఒక్క లైను చదివి పెట్టమను. ఒక్క లైనే. మొత్తం అడిగితే వాళ్లకీ టైం ఉండదు, మొహం చాటేస్తారు.

తర్వాత నొప్పులు. ఇది ఎవరూ నేర్పరు. ఏ అవ్వా వచ్చి ఇతాయ్, నొప్పి, అని ఊరుకోదు. మోకాలు జుకిజుకి అంటే పోటు పెడుతోంది, సలుపుతోంది. చికుచికు అంటే సూదులు గుచ్చినట్టు. హిరిహిరి అంటే చురచుర మంట, ఒరుసుకున్న చోట. తల గన్‌గన్ అంటే బద్దలైపోతున్నట్టు. పొట్టలో షికుషికు అంటే సన్నగా నొప్పి పెడుతూనే ఉంటుంది, కిరికిరి అంటే మెలిపెడుతోంది. జుకిజుకికీ హిరిహిరికీ తేడా తెలిస్తే నర్సుకి నువ్వు చెప్పే కబురు మారిపోతుంది, ఒకటి కీలు, ఇంకోటి చర్మం. మన భాషలో కూడా చురచుర, జివ్వుజివ్వు అని బోలెడు ఉన్నాయి కాబట్టి మనకి ఇవి తొందరగా పడతాయి, ఇక్కడ రాజు గారితో ఒప్పుకుంటా. మా ఒసాకాలో అలిసిపోతే షిందొయ్ అంటారు, మీ ఎరాయ్‌కి అన్నగారు.

ఇంకో పెద్ద విషయం. హైదరాబాద్‌లో మొదట నేర్పేది "చొత్తొ మత్తె కుదసాయ్", కొంచెం ఆగండి. కైగోలో ఆ మాట వాడకూడదని చెప్తారు, తెలుసా? మనిషిని తాడుతో కట్టెయ్యడం ఎలాగో మాటతో కట్టెయ్యడం అలాగే అని, దాన్ని స్పీచ్ లాక్ అంటారు. ఆగమంటే ఎంతసేపు, ఎందుకు అనేది చెప్పాలి. "ఇప్పుడు ఫలానా ఆయన్ని టాయిలెట్‌కి తీసుకెళ్తున్నా, ఐదు నిమిషాల్లో వస్తా, ఆగుతారా" అని. ఈ ఒక్క పొడుగు వాక్యం నోటికి వచ్చేసరికి నీకు కారణం చెప్పడం, టైం చెప్పడం, మర్యాదగా అడగడం మూడూ వచ్చేస్తాయి. పరీక్షకి కూడా అదే గ్రామర్.

సాయంత్రం నాలుగైదు గంటలకి మతిమరుపు ఉన్న అవ్వలు బ్యాగు పట్టుకుని ఇంటికి వెళ్తా అని గుమ్మం దగ్గరికి వస్తారు. కితకు గంబో అంటారు రికార్డులో. అప్పుడు "ఇదే మీ ఇల్లు" అని వాదించకు. వాళ్ల ఊరేది, ఇంట్లో ఎవరున్నారు, ఏం వండుతారు అని అడుగు. నా నిజమైన కన్వర్జేషన్ క్లాసు అదే. ఆవిడకి తొందర లేదు, చెప్పిందే మళ్లీ చెప్తుంది, రేపు మళ్లీ అదే కథ వినిపిస్తుంది. నాకు అర్థం కాని ముక్క రెండో రోజు అర్థమయ్యేది, మూడో రోజు నేనే అందించేదాన్ని.

ఎన్3 రాయి చెల్లీ. కానీ డిసెంబర్‌కి, తాపీగా. మొత్తం 180లో 95 వస్తే పాసు, ఒక్కో సెక్షన్‌లో 60కి 19 రావాలి. అందులో వినడం ఒక సెక్షన్, అంటే మూడో వంతు మార్కులు నీ డ్యూటీలోనే ప్రాక్టీస్ అవుతాయి. మాట్లాడే పరీక్ష అసలు లేనే లేదు, అందుకే ఎన్2 కాయితం పెట్టుకుని ఫోన్ మోగితే బాత్రూంలోకి వెళ్లిపోయే వాళ్లని కూడా చూశా.

వ్యాకరణం_రాజు | మే 13, సాయంత్రం 5:10

అక్క గారు ఒప్పుకున్నారు కదా సగం, చాలు. :)

నైట్_షిఫ్ట్_అక్క | మే 13, సాయంత్రం 5:32

మిగతా సగం ఒప్పుకోను రాజు గారూ. తెలుగులో ఆలోచించి మార్చి పెట్టెయ్యి అన్నారు కదా. మన దగ్గర ముసలావిడతో "నేను చేసి పెడతాలే అమ్మమ్మా" అంటే ఎంత ప్రేమ. అదే "షితె అగెమాస్" అని జపనీస్‌లో పెడితే నీకేదో ఉపకారం చేస్తున్నా అన్నట్టు ఉంటుంది, పెద్దవాళ్లతో అనకూడదు. "ఒతెత్సుదాయ్ షిమాస్", సాయం చేస్తా, అనాలి. మనకి ఇవ్వడం ఒకటే మాట, వాళ్లకి నేను ఇస్తే అగెరు, నాకు ఇస్తే కురెరు. వాక్యం కట్టడం మనదే, ఎవరు పైన ఎవరు కింద అనే లెక్క మాత్రం వాళ్లది.

తోజాయ్_లైన్ | మే 13, రాత్రి 8:18

అక్క గారు చెప్పిన ఈ పాయింట్ ఆఫీసులో ఇంకా ఘోరం. బయట కంపెనీ వాళ్లు ఫోన్ చేసి మా మేనేజర్ కావాలంటే మనం ఏమంటాం, మా సార్ గారు లేరండీ అంటాం. ఇక్కడ బయటివాళ్ల ముందు మన బాస్ పేరుకి సాన్ తగిలించకూడదు, ఉత్త ఇంటిపేరు చెప్పి లేడు అనాలి. నాకు నోరు రాదండీ ఇప్పటికీ, గారు తీసేస్తే తిట్టినట్టే ఉంటుంది.

ఇంటిపేరు అంటే గుర్తొచ్చింది, కొత్తగా వచ్చేవాళ్లు పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఒకసారి చూసుకోండి. జైర్యూ కార్డు, అంటే ఇక్కడి రెసిడెన్స్ కార్డు మీద ముందు అదే పడుతుంది, ఆఫీసూ ఆస్పత్రీ అందరూ జీవితాంతం దానితోనే పిలుస్తారు. మా టీంలో ఒక కుర్రాడి సొంత పేరే ఎవరికీ తెలియదు, పొడుగాటి ఇంటిపేరు కతకనాలో, అంటే విదేశీ మాటలు రాసే అక్షరాల్లో రాసి, వ కాస్తా బ అయ్యి, ల కాస్తా ర అయ్యి, వాళ్ల నాన్న వచ్చి విన్నా గుర్తుపట్టరు.

పొడుగు_మీసాలు | మే 13, రాత్రి 10:44

అందరూ బాగా చెప్తున్నారు గానీ ఒక మాట అడుగుతా. తొకుతెయ్ గినో ఒకటో రకం అంటే మొత్తం మీద ఐదేళ్లు. ఫ్యామిలీని తెచ్చుకోవడానికి లేదు. ఐదేళ్ల తర్వాత ఇంటికి పంపించేసే దానికి ఈ అమ్మాయి నైట్ డ్యూటీలు చేసి వచ్చి కంజీలు, అదే జపనీస్ బొమ్మ అక్షరాలు, బట్టీ పట్టాలా? రోజువారీ వాడకం కంజీల లిస్టు, జోయో కంజీ, అదొక్కటే 2136. ఆ టైంలో నిద్రపోతే ఆరోగ్యమన్నా మిగుల్తుంది. ఇక్కడ నేర్చుకున్న భాష కర్నూల్లో ఎవడికి కావాలి?

సీమ_సీఎన్సీ | మే 13, రాత్రి 11:02

మీసాలన్నా కర్నూలును ఎందుకు లాగుతావు మధ్యలో.

నైట్_షిఫ్ట్_అక్క | మే 14, ఉదయం 11:20

మీసాలు గారు అడిగింది న్యాయమైన ప్రశ్నే, నిద్ర సంగతి అయితే నూటికి నూరుపాళ్లు. కానీ కైగోకి ఒక తలుపు ఉంది. మూడేళ్ల పని అనుభవం, దానితో పాటు జిత్సుముష కెన్ష్యూ అనే ట్రైనింగ్ పూర్తి చేస్తే కైగో ఫుకుషిషి, అంటే సర్టిఫైడ్ కేర్ వర్కర్ నేషనల్ పరీక్షకి కూర్చోవచ్చు, ఏడాదికోసారి జనవరి చివర్లో, 125 ప్రశ్నలు. పాసైతే కైగో అనే వీసాకి మారచ్చు, దానికి ఈ ఐదేళ్ల లెక్క లేదు, రెన్యూ చేసుకుంటూ ఉండచ్చు, భర్తనీ పిల్లల్నీ తెచ్చుకోవచ్చు. అడిగితే కంజీల మీద ఫురిగన, అంటే ఎలా పలకాలో చిన్న అక్షరాలు, వేసిన ప్రశ్నపత్రం కూడా ఇస్తారు. అందుకే మొదటి ఏడాది నుంచే పని మాటలు నోట్‌బుక్‌లో పెట్టుకోమంటున్నా, చివరికి ఆ పరీక్షలో అడిగేది ఆ జొకుసో, గొఎన్, ఆ తొరొమి గురించే.

వెనక్కి వెళ్లిపోవాలనుకుంటే వెళ్లచ్చు, అది వేరే సంగతి, అందరూ ఇక్కడే ఉండిపోవాలని నేనేం అనను.

చిన్నోడి_అమ్మ | మే 14, మధ్యాహ్నం 12:50

నాదొక మాట, ఉద్యోగం లేని వాళ్ల వైపు నుంచి. నేను డిపెండెంట్ వీసా మీద వచ్చా, వారానికి 28 గంటల పర్మిషన్ తీసుకుని ఒక బెంతో (డబ్బా భోజనం) తయారీలో పార్ట్‌టైం. నాకు జపనీస్ నేర్పింది చిన్నోడు స్కూలుకి ముందు వెళ్లిన హోఇకుఎన్, అంటే పిల్లల డేకేర్ వాళ్ల రెన్రకుచో. తల్లికీ టీచర్‌కీ మధ్య రోజూ తిరిగే నోట్‌బుక్ అది. పొద్దున జ్వరం ఎంత, రాత్రి ఎన్నింటికి పడుకున్నాడు, ఏం తిన్నాడు, మోషన్ అయిందా అన్నీ రాయాలి. మొదట్లో ఇడ్లీ అని ఎలా రాయాలో తెలియక బియ్యం, మినప్పప్పు, ఆవిరి అని బొమ్మ వేసి పంపేదాన్ని, సెన్సెయ్ పక్కన ఎర్ర పెన్నుతో "ఒఇషిసో దెస్ నె", బాగున్నట్టుంది అని రాసేవారు. సాయంత్రం వాడు ఆ రోజు ఏం చేశాడో నాలుగు లైన్లు రాసి పంపేవారు, చేతిరాత కాబట్టి ఫోన్ కెమెరా ట్రాన్స్‌లేషన్‌కి చిక్కదు, చచ్చినట్టు చదవాల్సిందే. జ్వరం 37.5 దాటితే ఫోన్ వస్తుంది, వచ్చి తీసుకెళ్లండి అని, ఆ కాల్ ఎత్తగలిగిన రోజు నాకు ఏ ఎన్ పరీక్షా లెక్కలేదు.

పాలమూరూ, నీకు సెలవు రోజు కుదిరితే నగోయా ఇంటర్నేషనల్ సెంటర్‌లో జపనీస్ క్లాసులు ఉంటాయి, లేదంటే మీ ఊరి కొకుసాయ్ కోర్యూ క్యోకాయ్‌లో, అంటే విదేశీయులకి సాయం చేసే సంఘంలో అడుగు, వాలంటీర్లు నేర్పుతారు, ఫీజు నామమాత్రం, కొన్నిచోట్ల ఫ్రీ. ఎక్కువమంది రిటైరైన వాళ్లే, నీ అవ్వతాతల యాసే మాట్లాడతారు, ఒకే దెబ్బకి రెండు పనులు. జపాన్ ఫౌండేషన్ వాళ్ల రోజువారీ జీవితం పాఠాలు కూడా ఆడియోతో ఉచితంగా నెట్‌లో ఉన్నాయి.

మరి తెలుగు లిపిలో జపనీస్ రాసుకోవడం మాత్రం ఆపెయ్యండి అందరూ. నేనూ అలాగే మొదలెట్టా. ఆస్పత్రి బ్యోఇన్, బ్యూటీపార్లర్ బియోఇన్, తెలుగులో రాసుకుంటే తేడా బానే కనిపిస్తుంది కానీ బోర్డు మీద తెలుగులో ఉండదు కదా.

వ్యాకరణం_రాజు | మే 14, సాయంత్రం 6:30

లిపి విషయంలో నేను తగ్గుతున్నా. మిగతాదాంట్లో లేదు.

మోడరేటర్ | మే 14, సాయంత్రం 7:00

ఏజెంట్ల ఫీజుల గురించి ఈ థ్రెడ్‌లో వచ్చిన రెండు పోస్టులు వేరే థ్రెడ్‌కి మార్చాం. ఇక్కడ భాష వరకే.

పాలమూరు_పోరి | మే 17, రాత్రి 10:05

అందరికీ పేరుపేరునా థాంక్స్. ఎరాయ్ అవ్వ సంగతి చెప్తే మా లీడర్ మస్తు నవ్వింది, ఐచి మాటలు ఇంకా కొన్ని రాసిచ్చింది. "త్సురు" అంటే ఇద్దరు చెరో దిక్కు పట్టి బల్ల లేపుడంట, నేనైతే చేపలు పట్టుడు అనుకుంటుంటి.

అక్కా, నువ్వు చెప్పినట్టు మోషిఒకురి కాయితంల రోజుకొక లైన్ అడుగుతున్న. ఒకామె మంచిగ చెప్తది, ఇంకొకామెకు విసుగు, ఆమె దిక్కు పోతలేను. చొత్తొ మత్తె బదులు పొడుగు వాక్యం గూడ రాసుకున్న, మధ్యల నాలుక మడత పడుతుంది గాని ఆ తాత మాత్రం ఆగుతుండు. మీసాలన్నా, నువ్వు అన్నదానికి కోపం రాలేదు, మా అమ్మ గూడ ఫోన్ల అదే అడుగుతది. మూడేండ్లు అయినంక చూద్దాం అన్న.

డిసెంబర్‌కే కూసుంట. దానికి అప్లికేషన్ ఎప్పుడు వస్తది, సర్టిఫికెట్ ఏమన్న జోడించాల్నా?

చిన్నోడి_అమ్మ | మే 17, రాత్రి 10:31

ఆగస్టులో మొదలై సెప్టెంబర్‌లో అయిపోతుంది, ఆన్‌లైన్‌లోనే, ఎన్4 సర్టిఫికెట్ ఏం అడగరు, నేరుగా ఏ లెవెల్‌కైనా కూర్చోవచ్చు. ఫోటో మాత్రం రూల్ ప్రకారం ఉండాలి, సెల్ఫీ పెడితే రిజెక్ట్ చేస్తారు. డిసెంబర్ మొదటి ఆదివారం పరీక్ష, ఆ రోజు డ్యూటీ పడకుండా షిఫ్ట్ లిస్టు వెయ్యకముందే కిబో క్యూక పెట్టుకో, సెలవు కావాలని ముందే రాసే కాయితం.

సీమ_సీఎన్సీ | మే 17, రాత్రి 10:58

నేను కూడా ఎన్3కే రాస్తాండా డిసెంబర్లో. వినే సెక్షన్ ప్రాక్టీస్‌కి ఎవరన్నా ఆదివారం రాత్రి కాల్‌లో కూర్చుంటారా? రాజన్నా నువ్వు రావాల, ఊరికే వాదిస్తే కుదరదు.

వ్యాకరణం_రాజు | మే 17, రాత్రి 11:15

తొమ్మిదిన్నరకి అయితే వస్తా.